పటశాల కథ : చేతిగీత నుండి కంప్యూటరు వరకు

సావనీరు సంపాదకవర్గమువారు ఒక చరిత్రవ్యాసము వ్రాయుమని కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. రాజులను గూర్చియు దేవాలయములను గూర్చియు వ్రాయుటకు మాకంటె చదువుకొన్నవారు మన సంఘములో పెక్కుమంది కలరు. మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. మేము దగ్గరనుండి చూచిన చరిత్ర ఒక్కటే. అది కాగితముమీద గీతల చరిత్ర. బెంగుళూరులో ఒక కర్మాగారపు డ్రాయింగు ఆఫీసులో 1981 మొదలు 2018 వరకు గుమాస్తాగా నుండి, పటములకు నంబరు వేయుట, రిజిస్టరులో నెక్కించుట, నకళ్లు పంచుట, చిరిగినవానిని అతికించుట మేము చేసిన పని. ఒక్క గీతయైనను మా చేత గీయబడలేదు. కాని గీచినవారి నడుమ కూర్చుంటిమి. చేతిగీత పోయి కంప్యూటరు వచ్చుట ఆ హాలులోనే ఒక మూల కుర్చీనుండి చూచితిమి.

ఈ విషయము మన సంచికకు తగునా యని ఒకరిద్దరు మిత్రులు శంకించిరి. తగునని మా అభిప్రాయము. మన పెద్దలు తెలుగుసీమ విడిచి మైసూరు రాజ్యమునకును, మదరాసునకును, బొంబాయి పూనాలకును, ఒరిస్సా ప్రాంతములకును చేరినప్పుడు కొందరికి పొలము, కొందరికి వర్తకము, కొందరికి మగ్గము అన్నము పెట్టినవి. నాలుగక్షరములు అబ్బినవారికి రైల్వేలు, పబ్లిక్ వర్క్సు శాఖ, కర్మాగారములు దారి చూపినవి. ఆ చోట్ల గుమాస్తా పనికి ఇంగ్లీషు బాగుగా రావలెను. కచ్చేరి వ్యవహారమునకు ఆ ఊరి భాష రావలెను. డ్రాయింగు బల్లముందు కూర్చుండువానికి రెండును కొద్దిగా వచ్చిన చాలును. చేయి నిలుకడగా నుండవలెను, కన్ను మోసపోరాదు. మా హాలులో తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము, మరాఠీ, ఒరియా మాటలాడువారు ఒకే పటముమీద పనిచేసెడివారు. మధ్యాహ్నము క్యారియరులు విప్పినప్పుడు మాత్రమే ఎవరి ప్రాంతమేదో తెలియుచుండెను.

చిత్రకారుని బొమ్మకును ఈ పటమునకును గల భేదమును ముందుగా చెప్పవలెను. చిత్రకారుడు వస్తువు కంటికి ఎట్లు కనబడునో అట్లు గీయును. దూరమున నున్నది చిన్నదగును. డ్రాఫ్ట్స్‌మన్ వస్తువు ఎట్లున్నదో అట్లు గీయును. పైనుండి చూచినది ప్లాను, ఎదుటనుండి చూచినది ఎలివేషను, గుమ్మడికాయను నిలువుగా కోసి లోపలి గింజల అమరిక చూపినట్లు చూపునది సెక్షను. ఈ మూడింటిని కలిపి చదువగలవాడు వస్తువును ఎన్నడును చూడకయే చేయగలడు.

ఈ విద్య యావత్తును పాశ్చాత్యులు తెచ్చినదే యనుటకు వీలులేదు. మధ్యప్రదేశములోని భోజపురమున 11వ శతాబ్దమునాటి అసంపూర్ణ శివాలయమొకటి కలదు. భోజరాజు కట్టింప మొదలిడినది. దాని చుట్టునున్న రాతిపరుపులమీద స్తంభములు, ద్వారబంధములు, శిఖరము మొదలగువాని నమూనాలు గీతలుగా చెక్కబడి నేటికిని కనబడుచున్నవి. గుడి పూర్తి కాకపోవుటచేతనే అవి మనకు దక్కినవేమో.

అయితే నేటి మన పటములకు శాస్త్రము కట్టినవాడు గాస్పారు మోంజు అను ఫ్రెంచివాడు. యానాములోని మన బంధువులకు ఆ దేశపు పేరు పరాయిది కాదు గనుక రెండు మాటలు ఎక్కువ చెప్పెదము. 1746లో బోను అను చిన్నపట్టణమున ఒక సామాన్య వ్యాపారి ఇంట పుట్టిన ఇతడు మెజియేరు సైనిక ఇంజనీరింగు పాఠశాలలో చేరెను. కులీనుడు కానందున అధికారుల తరగతిలో చోటు దొరకక, పటములు గీయు పనివారి విభాగమున పడెను. కోటగోడ ఎంత ఎత్తున నుండినచో శత్రువు ఫిరంగికి లోపలివారు కనబడరో తేల్చుటకు ఆనాడు దీర్ఘమైన లెక్కలు వేసెడివారు. మోంజు దానిని గీతలతోనే స్వల్పకాలమున సాధించెను. అంత త్వరగా నైనది సరియైనది కాజాలదని పై అధికారి మొదట చూడనే నిరాకరించెనట! నిజము తేలిన పిమ్మట ఆ పద్ధతిని సైనిక రహస్యముగా దాచిరి. విప్లవానంతరము 1795లో గాని అతడు దానిని బహిరంగముగా బోధింపలేదు. గ్రంథము 1799లో వెలువడెను. ఇంజనీరింగు విద్యార్థులు నేటికిని మొదటి సంవత్సరమున తలపట్టుకొను ప్రొజెక్షనులు అతని చలువయే.

దాదాపు అదే కాలమున, 1794లో, మదరాసు సెంటుజార్జి కోటలో ఎనిమిదిమంది బాలురతో ఒక సర్వే పాఠశాల ఆరంభమైనది. దానికి మూలపురుషుడు మైకేల్ టాపింగు అను సర్వేయరు. కృష్ణా గోదావరీ ప్రాంతములను కొలిచినవాడు. 1796లో మచిలీపట్టణముననే కన్నుమూసెను. ఆ పాఠశాలయే పెరిగి పెరిగి ఇంజనీరింగు కళాశాలయై, 1920లో గిండీకి మారెను. తెలుగు జిల్లాలు మదరాసు రాజధానిలో నుండిన కాలమున మనవారు ఓవర్సీయరులుగా, డ్రాఫ్ట్స్‌మన్లుగా తయారైనది ఇటువంటి చోట్లనే. 1847 మొదలు 1852 వరకు సాగిన ధవళేశ్వరము ఆనకట్ట పనులలో కాటను దొరకు కుడిభుజముగా నుండిన వీణం వీరన్నగారి పేరు గోదావరివారు మరువలేదు. అతని క్రింద పనిచేసి పటములు గీచినవారి పేర్లు మాత్రము ఏ శిలాఫలకముమీదను కానరావు.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని స్మరింపక ఈ వ్యాసము సాగదు. ఆయన పూర్వులు తెలుగుసీమలోని మోక్షగుండమునుండి మైసూరుసీమకు వచ్చి స్థిరపడిన తెలుగువారు, మనవంటివారే. ముద్దేనహళ్లిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున చేరిరి. ఖడక్‌వాస్లా జలాశయమునకు నీరు ఒక మట్టము దాటగానే తమంత తామే తెరచుకొను తలుపులను 1903లో అమర్చిరి. వానికి పేటెంటు పొందిరి. పేటెంటనగా మొదట పటము. పటము లేనిదే ఆ హక్కు రాదు. 1908 సెప్టెంబరులో మూసీనది హైదరాబాదును ముంచివేసిన తరువాత ఆ నగరమునకు వరదరక్షణ పథకము సిద్ధము చేసినదియు వారే. ఉస్మాన్‌సాగరము 1920లో, హిమాయత్‌సాగరము 1927లో పూర్తియైనవి. మహారాష్ట్రములో మొదలిడిన చేయి తెలంగాణములో పనిచేసి కన్నంబాడివద్ద కావేరిని నిలిపినది. సరిహద్దులను గూర్చి జగడమాడువారు ఆ పటములను ఒకమారు చూడవలెను.

ఇక నకళ్ల సంగతి. మూలపటము ఒక్కటే యుండును. పని జరుగు చోట్లు పది. పూర్వము ప్రతి నకలును చేతితో తిరిగి గీయవలసి యుండెను. 1842లో ఇంగ్లండులో జాన్ హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు ఇనుపలవణములు పూసిన కాగితము వెలుతురు సోకినచో నీలమగునని కనిపెట్టెను. పారదర్శకమైన గుడ్డమీద నల్లసిరాతో గీచిన పటమును ఆ కాగితముమీద పరచి, ఎండలో నుంచి, పిదప నీట కడిగినచో, గీతలున్న చోట తెలుపును తక్కినచోట నీలమును మిగులును. ఇదియే బ్లూప్రింటు. తరువాత అమ్మోనియా ప్రింటు వచ్చెను. తెల్లకాగితముమీద నీలి గీతలు. మా కాలపు యంత్రము అదియే. దాని గది తలుపు తీయగానే కన్నుల నీరు కారుచుండెను. ఆ గదిలో ఇరువది యేండ్లు పనిచేసినవారి ముక్కునకు మరి యే వాసనయు ఆనదని హాస్యమాడుకొనెడివారము. అది పూర్తిగా హాస్యము కాదు.

ట్రేసింగు గుడ్డను గూర్చి ఒక మాట. అది సన్నని నూలుబట్ట. గంజిపదార్థము పూసి నునుపు చేయుదురు. నీటిచుక్క పడినచో పటము చెడును. కాని చెడిన గుడ్డను గంజి వదలునట్లు ఉతికినచో అతి మెత్తని బట్ట వచ్చును. పనికిరాని ట్రేసింగులు ఎన్నో డ్రాఫ్ట్స్‌మన్ల ఇండ్లలో చేతిరుమాళ్లయినవి, పసిపిల్లల చొక్కాలయినవి. ఈ పద్ధతి మన దేశమునకే పరిమితము కాదు. సీమలోను అట్లే చేసెడివారని మా పెద్దలు చెప్పిరి.

మేము చేరునాటికి గుడ్డ పోయి ట్రేసింగు కాగితమును, ప్లాస్టిక్కు ఫిల్మును వచ్చినవి. హాలులో వరుసగా వాలుబల్లలు, వానిమీద టీ-స్క్వేరులు, సెట్‌స్క్వేరులు, డ్రాఫ్టరులు. పెన్సిలు ములుకును గరుకుకాగితముమీద రుద్ది ఉలివలె సానపట్టుటతో ఉదయము ఆరంభమగుచుండెను. సిరాపెన్నులు 0.25, 0.35, 0.5, 0.7 మిల్లీమీటరులు, ఏ గీత ఏ లావున నుండవలెనో నియమము. కనబడు అంచునకు లావు గీత, కనబడనిదానికి తునక గీత, నడిమి రేఖకు పొడుగు పొట్టి కలిసిన సన్నని గీత. తప్పు పడినచో సగము బ్లేడుతో మెల్లగా గీకి, ఆ చోటును నఖముతో నునుపుచేసి, తిరిగి గీచెడివారు. బ్లేడు పట్టిన చేతిలో మనిషి నేర్పు తెలియుచుండెను. కొత్తవాడు గీకినచో కాగితమునకు చిల్లి. పాతవాడు గీకినచో దీపమునకు అడ్డముపెట్టి చూచినగాని తెలియదు.

హాలులో అంతస్తులు కలవు. ఇంజనీరు ఆలోచించును. డ్రాఫ్ట్స్‌మన్ దానిని కొలతలతో గీయును. ట్రేసరు పెన్సిలు పటముమీద ఫిల్ము పరచి సిరాతో దిద్దును. వారిలో స్త్రీలును కొందరుండిరి. చెక్కరు తప్పులు పట్టును. అతనిని అందరు తిట్టుకొనెడివారు, అతడు సెలవు పెట్టినచో భయపడెడివారు. ఈ నలుగురి పొడి అక్షరములు పటపు కుడి దిగువమూల గడిలో పడును. ఆ గడి లేని పటమును రిజిస్టరులో నెక్కించుటకు మేము ఒప్పుకొనలేదు. మా యుద్యోగమున మాకున్న అధికారము అంతమాత్రమే.

కొలతల మార్పును మేము చూడలేదు గాని దాని గాయములను పాత పటములమీద చూచితిమి. 1956 చట్టము తరువాత మన దేశము అడుగులు అంగుళములనుండి మీటరులకు మారెను. ఒకే పటముమీద నల్లసిరా అంగుళములు, వాని పక్కన ఎఱ్ఱసిరా మిల్లీమీటరులు. ప్రొజెక్షను విషయమునను ఇట్టి తికమకయే నడచినది. ప్లానును ఎలివేషనుకు క్రింద నుంచుట ఐరోపా పద్ధతి, పైన నుంచుట అమెరికా పద్ధతి. మన ప్రమాణసంస్థ 1955లో రెండవదానిని మేలన్నది. 1988లో మొదటిదానిని మేలన్నది. పటముమూల నుండు చిన్న గుర్తును చూడక పని మొదలుపెట్టినవాడు కుడిచేతి భాగమునకు బదులు ఎడమచేతి భాగమును చేసి తెచ్చును. అట్టి భాగములు మా స్టోరులో ఒక బీరువాకు సరిపడ నుండెను.

బెంగుళూరు పేరు చెప్పిన వెంటనే విమానములు జ్ఞప్తికి వచ్చును. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వపు సహాయముతో ఇచ్చట విమానకర్మాగారము స్థాపించెను. వి. ఎం. ఘాటగేగారి ఆధ్వర్యమున మన దేశమున రూపొందిన హెచ్‌టి-2 శిక్షణ విమానము 1951 ఆగస్టులో ఎగిరెను. 1956లో జర్మను శిల్పి కుర్టు టాంకు పదునెనిమిదిమంది సహచరులతో వచ్చెను. వారును మనవారును కలిసి గీచిన మారుత్ యుద్ధవిమానము 1961 జూన్ 17న ఎగిరెను. అంతకుముందు 1959లోనే అదే ఆకారమున, అదే పరిమాణమున ఒక కొయ్య గ్లైడరును చేసి ఎగురవేసి పరీక్షించిరి. మొత్తము 147 మారుత్‌లు తయారైనవి. వానిలో నొకటి విశ్వేశ్వరయ్యగారి పేరిట బెంగుళూరులో వెలసిన మ్యూజియము ఆవరణమున నిలిచియున్నది. పిల్లలను తీసికొనిపోయినవారు దాని ముక్కునుండి తోకవరకు ఒకమారు కన్ను సారించి చూడవలెను. ఒక్కచోటను ముడత లేదు, విరుపు లేదు. ఆ వంపులన్నియు చేతితో గీచినవే.

వంపును గీయుట సరళరేఖను గీయుటవంటిది కాదు. దానికి లాఫ్టింగు అని పేరు. ఓడలు కట్టువారినుండి వచ్చిన విద్య. వారు పెద్ద అటుకల నేలమీద ఓడ పక్కటెముకలను నిండు పరిమాణమున గీచెడివారు. యానాము పొరుగున నున్న కోరంగి ఒకప్పుడు ఓడలకు ప్రసిద్ధి గనుక ఈ మాట మనవారికి క్రొత్త కాదు. సన్నని వంగెడి బద్దను తీసికొని, అనుకొన్న బిందువుల వద్ద సీసపు దిమ్మలతో నొక్కిపెట్టినచో, తక్కిన చోట్ల బద్ద తన స్వభావము ననుసరించి సాఫీగా వంగును. ఆ అంచు వెంట గీత గీయుదురు. విమానములకు రంగువేసిన లోహపుపలకలమీద ఇట్లే నిండు పరిమాణమున గీచెడివారు. గీచువాడు బల్లముందు కాదు, పలకమీద మోకాళ్లపై కూర్చుండెడివాడు.

కంప్యూటరు ఈ విద్యలో ప్రవేశించిన ద్వారము ఆ వంపే యని చెప్పవచ్చును. ఫ్రాన్సులో సిత్రోయెన్ మోటారుకార్ల సంస్థలో ద కాస్తెల్జో, రెనో సంస్థలో పియేరు బెజియే, బద్ద చేయు పనిని గణితసూత్రముగా వ్రాసిరి. నాలుగు బిందువులు చెప్పినచో నడుమ వంపును యంత్రమే లెక్కించును. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండు అను విద్యార్థి తెరమీద కాంతికలముతో గీతలు గీయు స్కెచ్‌ప్యాడు అను పద్ధతిని తన సిద్ధాంతవ్యాసముగా సమర్పించెను. 1977లో ఫ్రాన్సు విమానసంస్థ దసో కాటియా అను సాఫ్ట్‌వేరును మొదలిడెను. ఇవన్నియు పెద్ద యంత్రములు, పెద్ద ధరలు. సామాన్యమైన బల్లకంప్యూటరుమీద పనిచేయు ఆటోక్యాడ్ 1982 డిసెంబరులో అమ్మకమునకు వచ్చిన పిమ్మట గాని మావంటి హాలులకు ఆ గాలి తగులలేదు.

మన దేశములో ఆ గాలికి గొప్ప ఫలము తేజస్ విమానము. 1984లో బెంగుళూరులో ఏర్పడిన ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ దానిని కాటియా సహాయముతో కంప్యూటరులోనే రూపొందించినది. చట్రపు బరువులో నూటికి 45 పాళ్లు కార్బన్ పీచు పొరల సమ్మేళనము. ఏ పొర ఏ దిక్కున పరువవలెనో తేల్చుటకు ఆటోలే అను సాఫ్ట్‌వేరును ఆ సంస్థయే తయారుచేసికొన్నది. 2001 జనవరి 4న తేజస్ మొదటిమారు ఎగిరెను. ఆ పథకమునకు సారథి కోట హరినారాయణగారు 1943లో ఒరిస్సాలోని బరంపురమున పుట్టిన తెలుగువారు. ఒకరు మైసూరుసీమ తెలుగువారు, ఒకరు బరంపురము తెలుగువారు. ఒకరు టీ-స్క్వేరు కాలమువారు, ఒకరు తెర కాలమువారు. మన సంఘపు సభలలో ఈ రెండు పేర్లను కలిపి తలచినవారిని మేము ఇంకను చూడలేదు.

మా చిన్న హాలునకు 1991లో రెండు కంప్యూటరులును, ఒక ప్లాటరును వచ్చినవి. ప్లాటరు పనిచేయునప్పుడు అందరును చుట్టు మూగితిమి. అది పెన్నును తానే ఎత్తుకొని, కాగితమును ముందుకు వెనుకకు లాగుచు, పటపు ఈ చివర ఒక గీత, ఆ చివర ఒక గీత గీచి, నడుమ దేనినో మరచినట్లు ఆగి, మరల వచ్చి పూర్తిచేయును. మనిషి అట్లు గీయడు. మా సీనియరు ట్రేసరు ఒకరు, బరంపురమువారే, కొంతసేపు చూచి, తన బల్లకు పోయి పెన్నులు కడుగుకొనుచు కూర్చుండిరి. వారికి తెలిసినది మాకు రెండేండ్లకు తెలిసినది. ట్రేసరు పదవులు ఖాళీ యగుకొలది నింపుట మానిరి. ఎవరిని తొలగింపలేదు, రిజిస్టరులో ఆ గడి మాత్రము మెల్లగా ఖాళీ యయ్యెను.

కంప్యూటరును నిందించుట మా ఉద్దేశము కాదు. వంగి వంగి నడుములు, చూచి చూచి కన్నులు పోగొట్టుకొన్నవారిని మేమెరుగుదుము. ఒక రంధ్రము స్థానము మారినచో మూడు రోజులు తిరిగి గీయవలసినది మూడు నిమిషములలో ముగియుట సామాన్యమైన మేలు కాదు. రెండు గొట్టములు ఒకే చోట ఢీకొనునని పని మొదలిడక ముందే తెర చెప్పును. పూర్వము ఆ సంగతి కర్మాగారమున సుత్తె పట్టినవాడు చెప్పుచుండెను, మిక్కిలి చెడ్డ మాటలతో. తమాషా యేమనగా, తెర నల్లగా నుండి గీతలు తెల్లగా నుండుట చూచి పాతవారు ఇది మన బ్లూప్రింటే కదా అనుకొనిరి. సాఫ్ట్‌వేరులోని లేయరులు ట్రేసింగుమీద ట్రేసింగు పరచిన పాత పద్ధతియే.

లోటు మరియొక చోట నుండెను. బల్లమీద పటము ఎంతదో అంతయు కన్నులకు ఎదుట నుండును. తెరమీద గోరంత భాగమును గోడంత చేయవచ్చును. చేసినవాడు అసలు పరిమాణము మరచును. చేతిగీత కాలమున కొలత మారి గీత మార్చుటకు వ్యవధి లేనిచో, మార్చిన అంకె క్రింద ఒక లావుగీత పెట్టెడివారు. అంకె నిజము, గీత నిజము కాదని దాని అర్థము. అది నిజాయితీ గుర్తు. కంప్యూటరుమీద కొలతను చెరిపి వేరొకటి టైపు చేసినచో గుర్తు పడదు. గడిలో పొడి అక్షరములును టైపు చేసినవే.

మేము మిక్కిలి బాధపడిన సంగతి ఇక చెప్పెదము. 1996లో పాత పటములన్నిటిని స్కానుచేసి కంప్యూటరులో నుంచి, మూలములను తీసివేయవలెనని ఆజ్ఞ వచ్చినది. ఉక్కుబీరువాలకు చోటు చాలదు. ఆజ్ఞలో తప్పు పట్టుటకు వీలులేదు. మేము రిజిస్టరు చూచి ఒక్కొక్కటియే లెక్కపెట్టి అప్పగించితిమి. గుడ్డ ట్రేసింగులు, ఫిల్ములు, నీలి నకళ్లు తూకము వేసి పాతకాగితముల వర్తకునికి పోయినవి. మేము సంతకము చేసితిమి.

2007లో ఒక పాత ప్రెస్సు యంత్రమునకు బుష్షు అరిగినది. పటము తీసి చూడగా స్కాను మసకగా నుండి, లోపలి వ్యాసము 60.03 మిల్లీమీటరులా, 60.08 మిల్లీమీటరులా తెలియదు. అరిగిన బుష్షును కొలిచినచో అరిగిన కొలతయే వచ్చును గాని గీచినవాని కొలత రాదు. ఇంజనీరులు రెండు రోజులు వాదించిరి. కడకు, ఉద్యోగవిరమణ చేసి ఊరిలోనే యున్న ఆ బరంపురము ట్రేసరుగారి ఇంటికి మేము ఒక ప్రింటు తీసికొనిపోయితిమి. ఆయన అద్దము పెట్టుకొని, గడిలో తమ పొడి అక్షరములు ముందు చూచుకొని, పిదప అంకె చూచి, "ఎనిమిదేనండి బాబూ. నా మూడుకి నెత్తి చదునుగా ఉంటాది, చూడండి" అనిరి. మసక వలన ఎనిమిదో మూడో తెలియలేదు గాని, పైభాగము గుండ్రముగా నుండుట నిజమే. బుష్షు ఆ కొలతకు చేయగా సరిపోయినది.

అదే యంత్రపు క్యామునకు మాత్రము పటమే లేదు. స్కాను చేయునప్పుడు రెండు షీట్లు అంటుకొని ఒకటి తప్పిపోయినదని తరువాత గ్రహించితిమి. రిజిస్టరులో నంబరు కలదు, మా సంతకము కలదు. అరిగిన క్యామును చూచి క్రొత్తది చేసిరి. యంత్రము తిరిగినది గాని టకటకలాడుచుండెను. రెండేండ్లకు దానిని పాత ఇనుముగా అమ్మివేసిరి. ఇంకొక వింత: 1991లో మా మొదటి కంప్యూటరులమీద గీచిన పటములు ఫ్లాపీలలో నుండెను. ఆ ఫ్లాపీలను చదువు యంత్రము మేము విరమించునాటికి హాలులో ఒక్కటియు లేదు. అంతకు నలువది యేండ్ల ముందు గుడ్డమీద గీచిన ఒక షెడ్డు పటము, పొరపాటున తూకమునకు పోక బీరువా వెనుక పడియున్నది, కిటికీ వెలుతురున స్పష్టముగా చదువనయ్యెను.

ఇందువలన పాఠకులకు మేము చేయు మనవి యొకటి కలదు. మన కుటుంబములలో తాతలు, తండ్రులు, మేనమామలు ఓవర్సీయరులుగా, డ్రాఫ్ట్స్‌మన్లుగా, ట్రేసరులుగా రైల్వేలలోను ఆనకట్టలవద్దను పనిచేసినవారు కలరు. వారి పెట్టెల అడుగున చుట్టగా నున్న పటములు ఉండవచ్చును. చెత్త యని పారవేయకుడు. చుట్టను బలవంతముగా విప్పినచో పగులును. చల్లని పొడిచోట నెమ్మదిగా పరచి, పైన బరువు పెట్టవలెను. గుడ్డ ట్రేసింగుకు తడి తగులరాదు. నీలి నకలును ఎండలో పెట్టరాదు, సున్నపుగోడకు తగిలింపరాదు. వెలుతురు వలన వెలిసినది చీకటిలో నుంచినచో కొంత తిరిగి వచ్చును. అమ్మోనియా నకలు ఎట్లును వెలియును గనుక వెంటనే ఫోటో తీయించుకొని, ఆ ఫోటోను నమ్మి మూలమును మాత్రము పారవేయకుడు. ప్లాస్టిక్కు లామినేషను చేయింపకుడు.

తరువాత కుడి దిగువమూల గడిని చూడుడు. అక్షరములు పొడిగానే యుండును. కాని మనవారి వాడుకలో ఇంటిపేరు ముందు వచ్చును గదా. తమిళుల పొడి అక్షరములలో సాధారణముగా తండ్రిపేరు ముందుండును. ఆ క్రమము తెలిసినవారు, ఇంటిలోని పెద్దవారిని పక్కన కూర్చుండబెట్టుకొన్నచో, పెక్కింటిని విప్పవచ్చును. ఎవరు గీచినది, ఎవరు ట్రేసు చేసినది, ఏ ఊరి పని, ఏ సంవత్సరము అనునవి ఒక కాగితముమీద వేరుగా వ్రాసి పటముతో నుంచుడు. వెనుక పడి దక్కిన ఆ షెడ్డు పటమునకు మేము అట్లే చేసితిమి. దాని గడిలో మూడు అక్షరములు కలవు. రెండింటిని మా బరంపురము మిత్రుడు చెప్పగలిగిరి. మూడవదానిని చెప్పగలవారికొరకు ఇంకను వెదకుచున్నాము.